విద్యుద్వలయము – ఇంటియందును, ఇనుపదారియందును

(మన సంఘ వార్షికోత్సవ సందర్భమున ఖరగ్‌పూరునందు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలయందు కావ్యములను గూర్చియో, నాటకములను గూర్చియో ప్రసంగించుట మన ఆచారము. ఈ పర్యాయము ఇంటిల్లిపాదికిని ఉపయోగపడు విషయమొకటి చెప్పవలసినదని మన కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను సచివాలయమున ఫైళ్ళ నడుమ కాలము గడుపువాడను. కళాశాలలో నేను చదివినది చరిత్ర. అయినను విద్యుత్తును గూర్చి మాటలాడ సాహసించుచున్నాను. మన ఇండ్లలో దీపము వెలిగించునది అదియే. మనము ఎక్కు బండిని లాగునది అదియే. ముందు దారి నిరపాయముగా నున్నదని ఇంజను నడుపువానికి తెలుపునదియు అదియే. ఇంతగా నమ్ముకొన్న దానిని గూర్చి కొంచెమైన తెలిసికొనకుండుట మనకు తగదు. ఇచ్చటి కర్మాగారమునందును, సిగ్నలు శాఖయందును పనిచేయు సోదరులకు నేను చెప్పబోవునది కొత్త కాదు. వారి పిల్లలును, గృహలక్ష్ములును విందురుగాక యని నా మనవి.

ఈ ఊరునకును మనవారికిని గల సంబంధము మీరెల్లరు ఎరుగుదురు. బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. ఆ కంపెనీ ఖరగ్‌పూరును కూడలి స్టేషనుగా చేసి, ఇచ్చట గొప్ప కర్మాగారమును నెలకొల్పినప్పుడు, విశాఖపట్నము, శ్రీకాకుళము ప్రాంతములనుండి మనవారు వందలకొలది వచ్చి ఇచ్చట స్థిరపడిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన పిమ్మట కూడ ఆ రాక సాగినది. నింపురాలోను, మథురాకాటీలోను నేటికిని వీధిలో తెలుగు మాట వినబడుచునే యున్నది. మన తాతలు ఇచ్చటికి వచ్చిన నాడు బండ్లను లాగినది బొగ్గును, నీటి ఆవిరియు. 1960వ దశకపు చివరి సంవత్సరములలో హౌరానుండి ఖరగ్‌పూరు వరకు దారికి విద్యుత్తు వచ్చెను. ఒక తరము బొగ్గుతో చేసిన పనిని మరియొక తరము తీగతో చేయ నేర్చినది. ఆ తీగలో నడచునది ఏమి? అది ఎట్లు నడచును? ఎచ్చట ఆగును? ఇదియే నేటి విషయము.

మన జిల్లాలలో ఏతాము వాడిన పెద్దలు ఈ సభలో ఇంకను ఉండవచ్చును. బావిలోని నీటిని ఏతాముతో పైకి ఎత్తి కాలువలో పోయుదురు. నీరు పల్లమునకు ప్రవహించును. ఆ కాలువ మడులన్నిటిని తిరిగి, మిగిలిన నీరు మరల అదే బావిలో పడునట్లు ఏర్పాటు చేసితిమనుకొనుడు. అప్పుడు ఏతాము ఎత్తుచుండును, నీరు తిరుగుచుండును, నడుమ పని జరుగుచుండును. విద్యుత్తు నడక ఇట్టిదే. బ్యాటరీగాని, విద్యుత్కేంద్రములోని యంత్రముగాని ఏతాము వంటిది. తీగ కాలువ వంటిది. దీపమో, పంకాయో, ఇస్త్రీపెట్టెయో మడి వంటిది. అయితే ఒక భేదము కలదు. కాలువకు గండిపడినను నీరు కొంతదూరము పారి నేలలో ఇంకును. విద్యుత్తు అట్లు కాదు. బయలుదేరిన చోటికి తిరిగి చేరుటకు దారి లేనిచో, అది బయలుదేరనే బయలుదేరదు. ఈ తిరుగు దారితో కూడిన పూర్ణమైన చుట్టునకే వలయమని పేరు. దీనినే మనము సర్క్యూటని వాడుకలో అనుచున్నాము. గోడమీది స్విచ్చు చేయు పని ఈ వలయమును ఒకచోట తెంచుట, కలుపుట మాత్రమే. 'ఆఫ్' అనగా వలయము తెగినది. 'ఆన్' అనగా వలయము పూర్తియైనది.

తీగలో నడచునవి ఎలక్ట్రానులు. అవి మిక్కిలి వేగముగా పరుగెత్తునని మనము తలంతుము గాని, అది నిజము కాదు. రాగి తీగలో అవి ముందునకు జరుగు వేగము సెకనుకు ఒక మిల్లీమీటరు కూడ ఉండదు. మన ఇండ్లకు వచ్చు ప్రత్యావర్తక విద్యుత్తులోనైతే అవి సెకనుకు 50 పర్యాయములు ముందునకును, వెనుకకును ఊగుచుండును. మరి స్విచ్చు నొక్కిన తక్షణమే దీపమెట్లు వెలుగుచున్నది? గూడ్సు బండిని తలచుకొనుడు. ఇంజను కదలిన కొద్ది క్షణములకే చిట్టచివరి డబ్బా కూడ కదలును. ఇంజను దగ్గరి డబ్బా చివరి డబ్బా యున్న చోటికి పోనవసరము లేదు. తీగ నిండ ఎలక్ట్రానులు ముందే యున్నవి. ఒకచోట కదలిక కలిగినచో ఆ కదలిక వార్త మహావేగముతో అన్నిచోట్లకును ప్రాకును.

ఇక మూడు మాటలు నేర్వవలయును. ఏతాము నీటిని ఎంత ఎత్తునకు ఎత్తునో, విద్యుత్తులో అట్టి ఎత్తునకు వోల్టేజి యని పేరు. దీనిని వోల్టులలో కొలుతురు. కాలువలో గడియకు ఎంత నీరు పారునో, విద్యుత్తులో అట్టి దానికి ప్రవాహమని పేరు. దీనిని ఆంపియరులలో కొలుతురు. కాలువలోని రాళ్ళు, నాచు, ఇరుకు నీటిని ఎంత అడ్డగించునో, విద్యుత్తులో అట్టి అడ్డుకు నిరోధమని పేరు. దీనిని ఓములలో కొలుతురు. ఈ మూడింటికిని గల బంధుత్వమును కనిపెట్టినవాడు గియోర్గ్ సైమన్ ఓమ్. ఇతడు 1789లో జర్మనీ దేశమున ఎర్లాంగెన్ పట్టణమందు తాళములు చేయువాని ఇంట జన్మించెను. కొలోను నగరమున బడిపంతులుగా నుండి, రకరకముల పొడవులుగల తీగలను తెచ్చి, వానిలో ప్రవాహము ఎంతెంత తగ్గునో ఓపికతో కొలిచెను. 1827లో ఆ ఫలితమును గ్రంథముగా ప్రకటించెను. స్వదేశమున ఆ గ్రంథమునకు ఆదరము లభింపలేదు. పదునాలుగు సంవత్సరములు గడచిన పిమ్మట, 1841లో, లండనులోని రాయల్ సొసైటీవారు ఆయనకు కోప్లీ పతకము నొసంగిరి. నేడు లోకమంతయు నిరోధమును కొలుచునపుడెల్ల ఆ బడిపంతులు పేరునే పలుకుచున్నది.

ఆయన చెప్పినది ఒక్క వాక్యము. వోల్టులను ఓములతో భాగించినచో ఆంపియరులు వచ్చును. పీడనము రెట్టింపైన ప్రవాహము రెట్టింపగును. నిరోధము రెట్టింపైన ప్రవాహము సగమగును. మన ఇంటికి వచ్చునది 230 వోల్టులు. వెనుకటి తీగదీపము, 60 వాట్లది, వెలుగునపుడు దాని నిరోధము రమారమి 880 ఓములు. కావున దానిగుండ పోవునది నాల్గవ వంతు ఆంపియరు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నిరోధము 53 ఓములు మాత్రమే. కావున దానిగుండ నాలుగు ఆంపియరులకు మించి పోవును. ఎక్కువ పని చేయు వస్తువునకు నిరోధము ఎక్కువగా నుండునని చాలమంది అనుకొందురు. కాని ఒకే వోల్టేజివద్ద సంగతి తలక్రిందులు. నిరోధము తక్కువైన వస్తువే ఎక్కువ ప్రవాహమును లాగుకొని ఎక్కువ వేడిమి నిచ్చును.

తీగకు కూడ నిరోధము కలదు. దానిని మన ఊరి కొలతతోనే చూపుదును. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము పొడవు 1072.5 మీటరులు. చాల సంవత్సరములు ఇది ప్రపంచమున మిక్కిలి పొడవైన ప్లాట్‌ఫారమని ప్రసిద్ధి కెక్కెను. 2013లో గోరఖ్‌పూరును, 2023లో హుబ్బళ్ళియు దానిని మించినవి. ఈ ప్లాట్‌ఫారము ఒక కొననుండి మరియొక కొనకు, ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగి తీగను పరచితిమనుకొనుడు. దాని నిరోధము సుమారు 18 ఓములు. తిరుగు తీగ కూడ కావలయును గదా! రెండును కలిసి 36 ఓములు. ఈ కొనను 230 వోల్టులు పెట్టి, ఆ కొనను మన ఇస్త్రీపెట్టెను తగిలించినచో ఏమగును? పెట్టె 53 ఓములు, తీగలు 36 ఓములు, మొత్తము 89. ప్రవాహము రెండున్నర ఆంపియరులకు దిగిపోవును. పెట్టెకు దక్కునది 137 వోల్టులు మాత్రమే. 1000 వాట్ల పెట్టె 350 వాట్ల పెట్టె వలె అగును. తక్కిన శక్తిలో 240 వాట్లు దారిలో తీగను వేడిచేయుటకే వ్యర్థమగును. తీగ పొడవు పెరిగినచో నిరోధము పెరుగును. తీగ లావైనచో నిరోధము తగ్గును. వంటింటిలోని హీటరునకు సన్నని పొడవైన ఎక్స్‌టెన్షను తీగను తగిలింపరాదని పెద్దలు చెప్పుటకు కారణమిదియే. ఆ తీగను చేతితో తాకి చూడుడు, వెచ్చగా నుండును. ఆ వెచ్చదనము మీరు సొమ్ము చెల్లించి కొన్న విద్యుత్తే.

అందులకే రైలు ఇంజనునకు 25,000 వోల్టుల తీగను ఎన్నుకొనిరి. ఆరువేల అశ్వశక్తికి మించిన నేటి ఇంజనునకు రమారమి 4,500 కిలోవాట్ల శక్తి కావలయును. మన ఇంటి 230 వోల్టులతో అంత శక్తి నీయవలెనన్నచో 19,000 ఆంపియరులకు మించి ప్రవాహము కావలయును. అంత ప్రవాహమును మోయుటకు తీగ కాదు, దూలము కావలయును. 25,000 వోల్టులతోనైతే 180 ఆంపియరులు చాలును. తీగలో పుట్టు వేడిమి ప్రవాహముయొక్క వర్గమును బట్టి పెరుగును. ప్రవాహము రెట్టింపైనచో వేడిమి నాలుగు రెట్లగును. కావున వోల్టేజి పెంచి ప్రవాహమును తగ్గించుటయే లాభము. కాని ఈ లాభమునకు వెల కలదు. ఆ తీగను ముట్టుకొననక్కరలేదు. దగ్గరకు పోయినను గాలిని చీల్చుకొని వచ్చి పడును. రెండు మీటరుల దూరము లోపలికి పోరాదని సిబ్బందికి నియమము. పిల్లలు వంతెనమీదనుండి లోహపు కడ్డీలు వ్రేలాడదీయుట, ఆగిన డబ్బాపై ఎక్కుట ప్రాణములతో చెలగాటము.

ఇంటి విషయమునకు వత్తము. దీపములను కలుపుటకు రెండు పద్ధతులు కలవు. ఒకదాని వెనుక ఒకటిగా, ఒకే దారిలో కలుపుట శ్రేణి పద్ధతి. పండుగనాటి పాత దీపమాల ఇట్టిది. అందొక్క దీపము మాడినచో వలయము తెగి మాలయంతయు ఆరిపోవును. ప్రతి దీపమునకును వేరువేరు దారి యిచ్చి, అన్నిటిని ఒకే జంట తీగలకు తగిలించుట సమాంతర పద్ధతి. మన ఇంటి దీపములు, పంకాలు అన్నియు ఇట్లే కలుపబడినవి. అందువలననే ఒక గదిలో దీపమార్పినను రెండవ గదిలో దీపము వెలుగుచునే యుండును. కాని సమాంతర పద్ధతిలో ప్రతి కొత్త వస్తువును ఒక కొత్త కాలువను తెరచినట్లు. ప్రవాహములన్నియు కూడి మొదటి తీగపై పడును. ఇస్త్రీపెట్టె, నీళ్ళ హీటరు, రెండును 1000 వాట్లవే యైనచో, తొమ్మిది ఆంపియరులకు చేరువగును. దానికి మిక్సీ తోడైనచో గోడలోని సన్నని తీగ తాళలేదు.

ఈ ప్రమాదమును కాచుటకే ఫ్యూజు ఏర్పడినది. అది వలయములోని మిక్కిలి బలహీనమైన ముక్క. తక్కిన తీగ కాలకముందే తాను కరగిపోయి వలయమును తెంచును. ఇంటివారికి అది కోపము తెప్పించును. పరీక్షల రోజులలో రాత్రివేళ ఫ్యూజు పోయినచో మన పిల్లలు విసుగుకొందురు. అప్పుడు ఎవరో ఒకరు చొరవ చేసి, తీగ గుత్తినుండి రెండు మూడు రాగి పోగులు తెచ్చి మెలిపెట్టి కట్టుదురు. ఇక ఫ్యూజు ఎన్నడును పోదు. పోవునది ఇల్లు! చెడుటకే పెట్టిన దానిని చెడకుండ చేసినచో, చెడరానిది చెడును. నేడు చాల ఇండ్లలో ఫ్యూజునకు బదులు తనంత తానే పడిపోవు స్విచ్చులు వచ్చినవి. అవి మాటిమాటికి పడుచున్నచో, వానిని తిట్టుటకు ముందు అవి ఏమి చెప్పుచున్నవో విచారింపవలయును.

మన శరీరము కూడ ఒక నిరోధమే. పొడిచర్మము మనలను కొంత కాపాడును. తడిసిన చేతులతోను, పాదరక్షలు లేని తడి నేలమీదను నిలిచినవాని నిరోధము వేయి ఓములకు దిగవచ్చును. ఓమ్ పంతులుగారి లెక్క వేయుడు. 230ని వేయితో భాగించినచో సుమారు నాల్గవ వంతు ఆంపియరు. పైన చెప్పిన చిన్న దీపము వెలుగుటకు కావలసినది కూడ అంతియే! ఒక చిన్న దీపమును వెలిగించు ప్రవాహము మనుష్యుని దీపమును ఆర్పుటకు చాలినదానికన్న ఎన్నియో రెట్లు అధికము. అందులకే మనుష్య రక్షణకై పెట్టు స్విచ్చులు 0.03 ఆంపియరు నేలలోనికి కారినచో చాలును, తక్షణమే వలయమును తెంచునట్లు నిర్మింపబడినవి. మూడు కాళ్ళ ప్లగ్గులోని లావుపాటి మూడవ కాలు భూమి తీగకు సంబంధించినది. పెట్టె లోపల తీగ ఊడి పెట్టెకే తగిలినచో, ఆ విద్యుత్తునకు మన శరీరముకన్న సులువైన దారిని చూపుట దాని పని. సాకెట్టునకు రెండు రంధ్రములే యున్నవని ఆ మూడవ కాలిని విరుగగొట్టి వాడుట ఎంతమాత్రము కూడదు. బంగాళదేశపు వర్షాకాలము ఎట్టిదో మీకు తెలియును. తడిగోడ, ఇనుప దండెము, తెగిన తీగ, ఈ మూడును కలిసిన చోట జాగ్రత్త వహింపవలయును.

ఇంతవరకు ఇంటి వలయమును చూచితిమి. ఇక మన ఊరికి ప్రాణమైన ఇనుపదారి వలయమును చూతము. నాకు ఈ విషయమున అన్నిటికన్న ఎక్కువ ఆశ్చర్యము గొలిపినది ఇది. పట్టాలపై బండి యున్నదా లేదా యని, చూడకయే, దూరమునుండి ఎట్లు తెలియును? రెండు పట్టాలనే రెండు తీగలుగా చేసిరి. ఇనుము రాగికన్న ఎక్కువ నిరోధము కలదియే యైనను, పట్టా మిక్కిలి లావుగనుక కిలోమీటరు పొడవు పట్టాయొక్క నిరోధము ఓములో నూరవ వంతులు కొన్ని మాత్రమే. దారిని భాగములుగా విభజించి, భాగమునకు భాగమునకు నడుమ విద్యుత్తు పోనీయని అతుకులు పెట్టుదురు. ఒక కొనను కొద్ది వోల్టుల బ్యాటరీ. రెండవ కొనను రిలే యను చిన్న విద్యుదయస్కాంతము. విద్యుత్తు ఒక పట్టా వెంట పోయి, రిలేలో ప్రవేశించి, రెండవ పట్టా వెంట తిరిగి వచ్చును. ప్రవాహమున్నంతసేపు అయస్కాంతము తన నాలుకను పైకి పట్టియుండును. పైకి పట్టియుండిన నాలుకయే 'దారి ఖాళీ' యని సాక్ష్యము చెప్పును.

ఇప్పుడు బండి వచ్చినదనుకొనుడు. దాని చక్రములును, ఇరుసులును ఇనుపవి. అవి రెండు పట్టాలను కలుపును. విద్యుత్తునకు రిలేలోని చుట్టల దారికన్న ఇరుసు దారి సులువు. ప్రవాహములో అత్యధిక భాగము ఇరుసుగుండ మరలిపోవును, రిలేకు తగినంత అందదు, నాలుక జారి పడును, సిగ్నలు ఎర్రనగును. ఇందు మన పాఠమంతయు ఇమిడియున్నది: వలయము, నిరోధము, సమాంతర దారులు.

ఈ ఉపాయము విలియం రాబిన్సన్ అను అమెరికా దేశీయునిది. ఆయన మొదట చేసిన ఏర్పాటు దీనికి విరుద్ధముగా నుండెను. బండి వచ్చినప్పుడు దాని చక్రములే వలయమును పూర్తిచేసి, సిగ్నలును ప్రమాదస్థితికి తెచ్చునట్లు కూర్చెను. అదియు పనిచేసెను. కాని బ్యాటరీ చచ్చినచోనో, తీగ తెగినచోనో ఏమగును? బండి వచ్చి నిలిచినను హెచ్చరిక కలుగదు. 'హెచ్చరిక లేదు గావున దారి ఖాళీ' యని వెనుకబండివాడు నమ్మును. ఈ దోషమును గ్రహించి రాబిన్సన్ పద్ధతిని తలక్రిందులు చేసి, మూసిన వలయమునకు 1872లో పేటెంటు పొందెను. దీనిలో ప్రవాహముండుటయే క్షేమమునకు గుర్తు. బ్యాటరీ చచ్చినను, తీగ తెగినను, పట్టా పూర్తిగా విరిగి విడిపోయినను ప్రవాహము నిలిచి రిలే పడును, ఎరుపు వచ్చును, బండి ఆగును. బండి ఆలస్యమగును గాని ప్రాణము పోదు. వానలు మెండుగా కురిసి, రాళ్ళ నడుమ నీరు నిలిచినప్పుడు విద్యుత్తు ఒక పట్టానుండి మరియొక పట్టాకు కారిపోయి, బండి లేకున్నను సిగ్నలు ఎర్రబడుట కలదు. అట్టివేళ ప్రయాణికులు సిబ్బందిని నిందింతురు. నిజమునకు ఆ వలయము 'నాకు నిశ్చయముగా తెలియలేదు, కావున ఆగుడు' అని చెప్పుచున్నది.

నేడు ఇరుసులను లెక్కించు యంత్రములును వచ్చినవి. ఈ ఊరి యార్డులో 2017 నవంబరున 800 మార్గములను కూర్చగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు ఏర్పడెను. సాధనములు మారినను మూలసూత్రము అదియే. క్షేమమని సాక్ష్యము లభించువరకు ప్రమాదమనియే భావింపవలయును.

సోదరులారా! ఇట్టి వలయము తనంత తాను చెడినచో మనలను కాపాడును. కాని మనుష్యుడే తీగను తప్పుచోట కలిపినచో? ఆ ప్రశ్నకు సమాధానము మన ఖరగ్‌పూరు డివిజనులోనే, మనము సొంతవూళ్ళకు పోవు దారిలోనే లభించినది. 2023 జూన్ 2వ తేదీ సాయంకాలము, బాలేశ్వరు జిల్లా బహనగా బజార్ స్టేషనువద్ద, శాలిమారునుండి మన ఊరి మీదుగా చెన్నపట్నము పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్సునకు ప్రధాన మార్గముపై పోవుటకు సిగ్నలు లభించెను. పట్టాల మలుపు మాత్రము పక్క దారికి తిరిగియుండెను. ఆ దారిలో ఇనుప ఖనిజముతో గూడ్సు బండి నిలిచియుండెను. కోరమండల్ దానిని ఢీకొనెను. చెదరిన డబ్బాలు ఎదురుగా పోవుచున్న బెంగళూరు–హౌరా బండికిని తగిలెను. 290 మందికి పైగా మృతిచెందిరి. ఆ స్టేషనున పూర్వము సిగ్నలు వలయములో చేసిన మార్పునందును, లెవెలు క్రాసింగు గేటు అడ్డుకమ్మిని మార్చు పనియందును జరిగిన లోపములే కారణమని ప్రభుత్వము 2023 జూలైలో రాజ్యసభకు తెలిపెను. తీగలు తెగలేదు. విద్యుత్తు తన ధర్మము తప్పలేదు. తనకు చూపిన దారిలోనే అది నడచినది. ఆ దారియే తప్పుదారి.

దీనిని ఎవరినో నిందించుటకై చెప్పుట లేదు. ఆ బండిలో మనవారు ఎందరో తరచుగా పోవుచుందురు. ఆ దారిని కాపాడువారిలోను మనవారు ఎందరో కలరు. అందువలన చెప్పుచున్నాను. మూసిన వలయము తెగిన తీగనుండి మనలను రక్షించును. తప్పుగా కలిపిన తీగనుండి రక్షింపలేదు. దానినుండి రక్షించునది మార్పు చేసిన పిమ్మట పటముతో సరిచూచి, ప్రతి దారిని పరీక్షించి, పిదప సంతకము చేయు మనుష్యుని శ్రద్ధ ఒక్కటియే. బండ్లు ఆగియున్నవి, పై అధికారులు తొందరించుచున్నారు, చీకటి పడుచున్నది. అట్టివేళ 'ఇంకను పరీక్ష ముగియలేదు' అనుటకు ధైర్యము కావలయును. ఆ ధైర్యమునకు మనము కోపము కాక గౌరవము చూపవలయును. బండి గంట ఆలస్యమైనదని స్టేషనులో కేకలు వేయుటకు ముందు ఈ సంగతి తలచుకొనుడు.

మా సచివాలయపు పనికిని ఇందొక పాఠము కలదు. 'గడువు లోపల ఆక్షేపణ రాలేదు గావున సమ్మతి లభించినట్లే భావించి ముందునకు సాగవచ్చును' అని మేము ఫైళ్ళలో వ్రాయుచుందుము. చాల విషయములలో అది చెల్లును. కాని ప్రాణముతో ముడిపడిన విషయములలో రాబిన్సన్ మొదటి వలయము వలె అది మోసగించును. ఉత్తరము అందలేదేమో, అందినవారు చదువలేదేమో! అట్టిచోట 'చూచితిని, సరిగా నున్నది' యని నోటితో చెప్పు సాక్ష్యము తిరిగి వచ్చిన పిమ్మటనే సాగవలయును. పోయిన మాటకు తిరుగు దారి యుండవలయును.

ఇంటికి పోయిన పిమ్మట మీరు చేయదగిన పనులు కొన్ని కలవు. ఫ్యూజు పెట్టెలో రాగి పోగులున్నవేమో తెలిసినవానిచే చూపించుడు. మూడు కాళ్ళ ప్లగ్గులకు మూడు రంధ్రముల సాకెట్టులే వాడుడు. ఆ మూడవ రంధ్రమునకు నిజముగా భూమి తీగ యున్నదో లేదో పరీక్షింపుడు. ఒకే సాకెట్టునకు మూడు నాలుగు బరువైన వస్తువులు తగిలింపకుడు. ఇంటిలో తీగపని ఏది చేయించినను, చేసినవాడు వెళ్ళుటకు ముందే ప్రతి స్విచ్చును మీ యెదుట వేసి చూపుమని అడుగుడు. దీనికి ఖర్చు అత్యల్పము.

విద్యుత్తునకు మన భాష రాదు, మన తొందర తెలియదు, మన హోదా తెలియదు. దారి చూపినచో పోవును, లేనిచో ఆగును. ఆ దారిని సరిగా కట్టు బాధ్యత మనది.